ఏడో నంబరు అభ్యర్థి

“నీకు నువ్వే ఉత్తరం రాసుకున్నావా?” అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను దుప్పటి పిండుతున్నాను. ఒక కొస కుళాయికి మెలేసి, రెండో కొస రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నాను. ఇంకో మనిషి చెయ్యేస్తే నిమిషంలో అయిపోయే పని. మా ఇంట్లో మనుషులం నలుగురం, అయినా దుప్పటి రెండో కొసకి ఎప్పుడూ కుళాయే దిక్కు. ఆయన గుమ్మంలో నిలబడి, చింపిన కవరు ఒక చేత్తో, కాగితం ఇంకో చేత్తో పట్టుకున్నాడు. కవరు మీద పేరు నాది. నా పేరుతో ఆ ఇంటికి కవరు రావడం తక్కువ, వచ్చినప్పుడు చింపే చెయ్యి మాత్రం ఆయనదే. “కరస్పాండెన్స్ ఆఫీసరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు హాజరు కావలసిందిగా కోరుతున్నాము” అని పైకి చదివి, నా వంక ఎగాదిగా చూశాడు.

ఆయన అడిగినదాంట్లో అబద్ధం లేదు. ఆ ఉత్తరం నేనే టైపు చేశాను, నేనే మడతపెట్టాను, నేనే జిగురు రాసి, మిగతా ఆరు కవర్లతో కలిపి పోస్టు డబ్బాలో వేశాను. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటే సరిపోయేది. కానీ మిగతా ఆరుగురికీ పోస్టులో వెళ్తోంది. నాకూ పోస్టులోనే రావాలనిపించింది.

“రాసింది నేనే. సంతకం మా మేనేజరుది” అన్నాను.

“తొమ్మిదేళ్ళ నుంచి అక్కడే ఏడుస్తున్నావు కదా, ఉన్నచోట మళ్ళీ ఇంటర్వ్యూ ఏంటి? నవ్విపోతారు.”

లోపల బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు, “ఏమంటార్రా వాళ్ళ ఆఫీసువాళ్ళు, తీసేస్తారటా?” అని కేకేసింది.

“లేదమ్మా. నీ కోడలు ఆఫీసరవుతుందట.”

కాసేపు బఠాణీల చప్పుడు ఆగింది. “అయితే వంట?” అంది అత్తగారు.

దుప్పటి ఇంకో మెలిక తిప్పాను. నీళ్ళన్నీ కారిపోయాయి.

మాది తూకం మిషన్లు తయారుచేసే కంపెనీ. మందుల కొట్లో గ్రాములు తూచే బుల్లి మిషను నుంచి, లారీని సరుకుతో సహా ఎక్కించి తూచే పెద్ద మిషను దాకా చేస్తారు. నేను అక్కడ టైపిస్టుని. రిజిస్టరులో నా పేరు పక్కన ‘తాత్కాలికం’ అని ఉంటుంది. తొమ్మిదేళ్ళ తాత్కాలికం. నా తర్వాత చేరినవాళ్ళు పర్మనెంటయ్యారు, అందులో ఒకాయన రిటైరై పూలదండ కూడా వేయించుకున్నాడు. నా కుర్చీ మేనేజరు గది తలుపు వెనకాల. తలుపు తెరిచినప్పుడల్లా నేను లేచి కుర్చీ జరుపుకోవాలి. తలుపు ఇంకోవైపుకి తెరుచుకునేలా చేయించొచ్చని తొమ్మిదేళ్ళలో ఎవరికీ తోచలేదు, నేను జరుగుతున్నాను కాబట్టి.

టైపిస్టునంటే, ఎవరో చెప్పింది నేను కొడతాననుకుంటారు. మా మేనేజరు చెప్పే తీరు వేరు. తలుపులోంచి తల బయటపెట్టి, “ఆ కూరగాయల మార్కెట్టువాళ్ళు గోల చేస్తున్నారమ్మా, ఏదో ఒకటి సర్దిచెప్పు” అంటాడు. డిక్టేషను అంతే, తల లోపలికి వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళకి కోపం ఎంతొచ్చింది, అందులో న్యాయమెంత, మన తప్పెంత, ఎంతవరకు ఒప్పుకుంటే మన పరువు నిలబడుతుంది, ఎంత ఒప్పుకోకపోతే వాళ్ళు చెయ్యి జారిపోతారు, ఇదంతా నేనే తేల్చుకుని రాయాలి. నాకది కొత్త విద్య కాదు. పెళ్ళైన నాటి నుంచీ అత్తగారికీ ఆయనకీ మధ్య, ఆయనకీ ఆయన పై అధికారులకీ మధ్య, నా కూతురికీ వాళ్ళ నాన్నకీ మధ్య నేను చేసేది అదే. ఇంట్లో దానికి పేరు లేదు. ఆఫీసులో ఉంది, కానీ ఆ పేరు నాది కాదు. ప్రతి ఉత్తరం అడుగున, ఎడమపక్క, ఒక వాలుగీత ఉంటుంది. గీతకి ముందు పెద్దక్షరాల్లో మేనేజరు పొడి అక్షరాలు. గీత తర్వాత చిన్నక్షరాల్లో టైపు చేసినవాళ్ళవి. ఆఫీసుల్లో అది మామూలు. తొమ్మిదేళ్ళుగా నేను ఆ గీతకి అవతల రెండు చిన్నక్షరాలుగా బతికాను.

ఈమధ్య ఫోనుల్లో, కంప్యూటర్లలో వచ్చే మెసేజీలు ఎక్కువైపోయి, వాటన్నిటికీ జవాబులివ్వడానికి ఒక ఆఫీసరుని తీసుకుందామని మా యజమాని అన్నాడు. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. ప్రకటన టైపు చెయ్యమని మేనేజరు నాకిచ్చాడు. పొద్దున ‘డిగ్రీ ఉండాలి’ అన్నాడు. సాయంత్రం మళ్ళీ పిలిచి, ‘డిగ్రీ లేదా ఐదేళ్ళ అనుభవం’ అని మార్చమన్నాడు. పెద్దాయన బావమరిదికి డిగ్రీ పూర్తికాలేదట. నాకు చదువు పదో తరగతితో ఆగింది. అన్నయ్య చదువు కోసం నన్ను ఆగమన్నారు, ఆగాను. తర్వాత అన్నయ్య కూడా ఆగిపోయాడు, అది వేరే సంగతి. ఆ మార్పు టైపు చేస్తుంటే నా వేళ్ళు ఒక్క క్షణం నిలిచిపోయాయి. ఎవరినో ఒకర్ని దూర్చడానికని తలుపు తీశారు. తలుపుకి బావమరిది ఎవరో, టైపిస్టు ఎవరో తెలియదు కదా.

దరఖాస్తులు నలభై రెండు వచ్చాయి. నలభై మూడోది నాది. అన్నిటికీ కొట్టినట్టే దానికీ ముద్ర కొట్టి నంబరు వేశాను. “అర్హతలున్నవాళ్ళని ఏరి, ఇంటర్వ్యూ ఉత్తరాలు కొట్టమ్మా” అన్నాడు మేనేజరు, కట్ట వంక చూడకుండానే. ఏరాను. పరాయివాళ్ళ దరఖాస్తులకి పట్టుకున్న కొలతే నాదానికీ పట్టాను, ఇంకాస్త గట్టిగానే పట్టాను. ఏడుగురు నిలిచారు. ఏడు ఉత్తరాలనీ సంతకం చేసే చోటు మాత్రమే కనబడేలా ఒకదాని మీద ఒకటి జరిపి ఫోల్డరులో పెట్టాను. ఎప్పుడూ అలాగే పెడతాను. టైం కలిసొస్తుందని ఆయనే నేర్పాడు. ఆయన ఫోనులో ఎవరితోనో క్రికెట్టు మాట్లాడుతూ ఏడు సంతకాలూ గీకేశాడు. ఏడోదాని మీదకి కలం వచ్చినప్పుడు నా గుండె చప్పుడు ఫోనులో అవతలి మనిషికి వినబడుతుందేమో అనిపించింది. వినబడలేదు.

మా ఆయనకి ఇంటర్వ్యూలు కొత్త కాదు. ఇప్పటిదాకా ఎనిమిది. ఎనిమిదింటికీ దరఖాస్తులు నేనే రాశాను. ముందురోజు సాయంత్రం వంటింట్లో నేనే ఇంటర్వ్యూ చేసేదాన్ని. ఆయన స్టూలు మీద అభ్యర్థి, నేను స్టవ్వు దగ్గర అధికారిని. “మీ బలహీనత ఏమిటండీ?” అని అడిగితే, “నాకేం బలహీనత?” అని కస్సుమనేవాడు. “అలా అంటే తీసుకోరండీ, ఏదో చిన్నదొకటి చెప్పండి” అంటే చాలాసేపు ఆలోచించి, “నువ్వే నా బలహీనత” అన్నాడొకసారి. అప్పట్లో ఆ మాటకి మురిసిపోయి కూర మాడబెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే అందులో ప్రేమ కంటే బద్ధకం ఎక్కువ కనబడుతోంది. ఆయన ఇంటర్వ్యూ రోజున ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు. చొక్కా ఇస్త్రీ, బూట్లకి పాలిషు, సర్టిఫికెట్లు వరసగా ఫైలులో. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అత్తగారూ నేనూ గుమ్మంలో నిలబడాలి. ఎనిమిదోసారి ఉద్యోగం వచ్చింది. “మన కష్టం ఫలించింది” అంటాడనుకున్నాను. “చూశావా, నేను అనుకుంటే ఏదైనా సాధిస్తాను” అన్నాడు.

నా ఇంటర్వ్యూ రోజున ఆయనకి ఒక సాక్సు దొరకలేదు.

“పదకొండింటికి కదా నీది, ఈలోపు వెతకొచ్చుగా” అన్నాడు.

“మంచం కింద చూడండి” అన్నాను, జడ వేసుకుంటూ.

“వంగితే నా నడుం పట్టేస్తుందని తెలుసుగా!”

ఎప్పుడూ వంగేది నేనే కాబట్టి నా నడుం సంగతి ఎవరికీ తెలియదు. నేను కదలలేదు. బడికి తయారైన నా కూతురు బల్ల దగ్గర కూర్చుని, అచ్చం నేను వాళ్ళ నాన్నని అడిగినట్టే గొంతు పెట్టి, “మీ బలహీనత ఏమిటండీ?” అంది.

“సాక్సులు వెతకడం. మానేశాను” అన్నాను.

అది పకపకా నవ్వింది. అత్తగారు నవ్వలేదుగానీ, నా వంక తేరిపార చూసి, “ఆ బూడిద రంగు చీర వద్దు, ఏదో పోగొట్టుకున్నదానిలా ఉన్నావు. నీలంది కట్టుకో” అంది. ఆ ఇంట్లో నాకు దొరికిన సాయం అది. ఇచ్చిన మనిషి ఎవరని చూడకుండా తీసుకున్నాను.

ఆఫీసుకెళ్ళాక, అభ్యర్థిని అయ్యేలోపు చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. ఇంటర్వ్యూలు మేనేజరు గదిలోనే. అక్కడ బల్ల తుడిచాను, నీళ్ళ గ్లాసులు పెట్టాను, మార్కులు వేసే కాగితాలు మూడు కుర్చీల ముందూ సర్దాను. అడిగేవాళ్ళు ముగ్గురు. పెద్దాయన, మేనేజరు, బయటి నుంచి పిలిపించిన ఇంకొకాయన. ఆయన పాల కంపెనీలో కొనుగోళ్ళు చూసి రిటైరయ్యాడట. మెడలో ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒక కళ్ళజోడు. “బయట కూర్చుని ఒక్కొక్కర్నీ నంబరు పెట్టి పిలువమ్మా” అన్నాడు మేనేజరు. పిలిచాను. మూడో నంబరు అమ్మాయి ఊరికే ఫైలు తెరిచి మూస్తుంటే, “నీళ్ళు తాగమ్మా. లోపలున్నది ముగ్గురే, వాళ్ళకీ ఇవాళ ఏం అడగాలో సరిగ్గా తెలియదు” అన్నాను. నాలుగో నంబరు బావమరిదిగారు ఫోనులోంచి తల ఎత్తకుండా, “టీ ఏమైనా ఉందా?” అన్నాడు. “ఆ మూల ఉందండీ, పోసుకోండి” అన్నాను. తల ఎత్తాడు.

ఆరో ఆయన బయటికొచ్చేసరికి పన్నెండున్నర. మేనేజరు తలుపు తెరిచాడు. నేను కుర్చీ జరుపుకున్నాను. “ఇంకెంతమందమ్మా?”

“ఒక్కరే సార్.”

“తొందరగా పంపు. ఆకలేస్తోంది.”

తలుపు మూసుకుంది. వసారాలో ఏడు కుర్చీలూ ఖాళీ. ఆ నిమిషంలో వెనక్కి తగ్గడం చాలా సులువు. ఏడో మనిషి రాలేదు సార్ అని చెప్పి, గ్లాసులు తీసేసి, నా డబ్బా తెరుచుకుని అన్నం తినొచ్చు. ఎవరికీ తెలియదు, ఎవరూ నవ్వరు. తొమ్మిదేళ్ళూ అలాగే గడిచాయి, ఎవరికీ తెలియకుండా, ఎవరూ నవ్వకుండా. లేచి నిలబడ్డాను. “ఏడో నంబరు” అన్నాను, ఆ ఆరుగురినీ పిలిచిన గొంతుతోనే. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను.

“ఏంటమ్మా, మనిషి రాలేదా?” అన్నాడు మేనేజరు.

“వచ్చాను సార్” అని కుర్చీలో కూర్చున్నాను. ఆ గదికి లెక్కలేనన్నిసార్లు వచ్చాను గానీ, అక్కడ కూర్చోవడం అదే మొదలు.

పెద్దాయన మేనేజరు వంక చూశాడు. మేనేజరు నవ్వాలో అరవాలో తేల్చుకోలేక, “ఇదేం పరాచికమమ్మా? నిన్నెవరు పిలిచారు?” అన్నాడు.

ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. “మీరే పిలిచారు సార్. సంతకం మీదే.”

ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు, దొంగ నోటు చూసినట్టు. సంతకం ఆయనదే. దించేసరికి చెవులు ఎర్రబడ్డాయి. “డిగ్రీ లేదు కదా నీకు” అన్నాడు.

“ఐదేళ్ళ అనుభవం చాలని ప్రకటనలో ఉంది సార్. సాయంత్రం మీరు మార్పించారు. నాకు తొమ్మిదేళ్ళు.”

పెద్దాయన ఒక్కసారి దగ్గి, గ్లాసు అందుకున్నాడు. రెండు కళ్ళజోళ్ళాయనకి మాత్రం ఆకలి పోయినట్టుంది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. జేబులోంచి మడత కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఆ గదిలో నేను టైపు చెయ్యని కాగితం అదొక్కటే. “ఇలాంటి మెసేజి వచ్చిందనుకోండి. జవాబు రాయండి. పది నిమిషాలు.”

ఒక కాన్పుల ఆసుపత్రి రాసినట్టుగా ఉంది. పసిపిల్లల్ని తూచే మిషను బరువు ఎక్కువ చూపిస్తోందట. చిక్కిపోతున్న బిడ్డలు కూడా పెరుగుతున్నట్టు కనబడ్డారట. మాటలు కత్తుల్లా ఉన్నాయి. నా కూతురు పుట్టినప్పుడు మూడో వారం దాని బరువు పెరగలేదని నర్సు అన్న క్షణం గుర్తొచ్చింది. “పాలు సరిగ్గా పడుతున్నట్టు లేదు, ఎంతసేపూ ఆ పుస్తకాలే” అని మా ఆయన నర్సు ముందే అన్నాడు. పెన్ను అందుకున్నాను. ఆరు నిమిషాల్లో అయిపోయింది.

ఆయన ముక్కు మీది కళ్ళజోడు తీసి, మెడలోది పెట్టుకుని చదివాడు. “మిగతావాళ్ళందరూ క్షమాపణతో మొదలుపెట్టారు. మీరు ‘ఆ మిషను ఇప్పుడే పక్కన పెట్టేయండి, సాయంత్రం నాలుగింటికి మా మనిషి కొత్తది తెస్తాడు, ఈ వారం తూచిన బిడ్డలందరినీ మళ్ళీ తూచండి’ అని మొదలుపెట్టారు. క్షమాపణ చివర్న ఉంది. ఎందుకని?”

“ముందు బిడ్డల బరువు సార్. మన పరువు తర్వాత.”

ఆయన కాగితం దించలేదు. “ఈ రాత నాకు తెలిసినట్టుంది. మూడేళ్ళ కిందట పాలు తూచే మిషన్ల గొడవలో మీ కంపెనీ నుంచి మాకో ఉత్తరం వచ్చింది. కోర్టుకి వెళ్దామనుకున్నవాళ్ళం, అది చదివి ఆగాం. నేను దాన్ని దాచుకున్నాను కూడా.”

“అది నేను డిక్టేట్ చేసిందే సార్” అన్నాడు మేనేజరు, వెంటనే.

నాకు కోపం రాలేదు. ఎంతో కాలంగా తెరవని కిటికీ రెక్క ఒక్క తోపుకి వచ్చేసినట్టు, మాట దానంతటదే బయటికొచ్చింది. “అవును సార్. ఆ రోజు సార్ చెప్పింది నాకు బాగా గుర్తు. ‘ఆ పాలవాళ్ళ నోరు ఎలాగైనా మూయించమ్మా, నాకు పెళ్ళికి టైమవుతోంది’ అన్నారు. డిక్టేషను అంతవరకు సార్ది. మిగతా రెండు పేజీలు నావి. అడుగున వాలుగీత తర్వాత చూస్తే నా అక్షరాలు ఉంటాయి. చిన్నవి.”

పాల కంపెనీ ఆయన పగలబడి నవ్వాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు, అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. పెద్దాయన గొంతు సవరించుకుని, “అదంతా సరేనమ్మా. ఆఫీసరంటే బాధ్యత. ఇంట్లోవాళ్ళకి అభ్యంతరం లేదా?” అన్నాడు.

“నాలుగో నంబరు ఆయన్ని ఇదే అడిగారా సార్?”

పెద్దాయన మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. బావమరిదిని ఇంట్లోవాళ్ళ గురించి ఏమని అడుగుతాడు, ఆ ఇంట్లోవాడు తనే కదా.

“ఇంట్లో నాకు పని ఉంది సార్, తొమ్మిదేళ్ళుగా ఉంది” అన్నాను. “మీ ఉత్తరం ఒక్కటైనా, ఒక్కరోజైనా ఆలస్యమైందేమో మీరే చెప్పండి.”

బయటికొచ్చాక నా కుర్చీలో కూర్చుని అన్నం డబ్బా తెరిచాను. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

నాలుగు గంటలకి మేనేజరు పిలిచాడు. పెద్దాయనా, పాలాయనా వెళ్ళిపోయారు. “మొత్తానికి గట్టిదానివే” అన్నాడు, నా మొహం చూడకుండా. “ఆ ముసలాయన పట్టుబట్టాడు, పెద్దాయన సరేనన్నారు. ఉద్యోగం నీకే. పర్మనెంటు.” నేను థాంక్స్ చెప్పేలోపే ఫైలు తెరిచాడు. “వెళ్ళి నీ అపాయింట్‌మెంట్ ఆర్డరు నువ్వే కొట్టుకుని రా, సంతకం పెట్టేస్తాను. అందులో ఒక మాట చేర్చు, ప్రస్తుతమున్న టైపు పని కూడా అదనంగా చూసుకోవాలని. ఇప్పుడు కొత్త టైపిస్టుని ఎక్కడ తెస్తాం? జీతం సంగతి ఆర్నెల్ల తర్వాత చూద్దాం. ఏమంటావు?”

ఏమంటావు అన్నది ప్రశ్న కాదని నాకు తెలుసు. ఇంట్లో రోజూ వినేదే. అప్పుడే సంచిలో ఫోను మోగింది. మా ఆయన.

“ఏమైంది?” అన్నాడు.

“వచ్చింది.”

“సర్లే, మంచిదే. మరి రోజూ ఎప్పటి టైముకే వచ్చేస్తావుగా? నీకేం ఇబ్బంది, రెండూ సర్దుకోగలవు నువ్వు” అన్నాడు.

ఎదురుగా మేనేజరు, చెవిలో మొగుడు. ఇద్దరూ ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు. నాకు నవ్వొచ్చింది. సర్దుకోగలను, నిజమే. చెయ్యగలిగినందుకే ఇన్నాళ్ళూ నా నెత్తిన పడిందని, చెయ్యలేనని కాదు చెయ్యనని చెప్పాలని ఆ క్షణాన తెలిసింది. “ఇవాళ ఆలస్యమవుతుంది. వంట మీరూ అత్తయ్యా చూసుకోండి” అని ఫోను పెట్టేశాను.

“ఆ ఆర్డరు నేను టైపు చెయ్యను సార్” అన్నాను.

“అంటే?”

“ఆ ఆరుగురికీ రాయాల్సిన ఉత్తరాలు నేను రాస్తాను, రేపటి నుంచి అది నా ఉద్యోగం. మూడో నంబరు అమ్మాయికి టైపు బాగా వచ్చు, దరఖాస్తులో ఉంది, నా కుర్చీకి ఆమెని అడగొచ్చు. నా ఆర్డరు మాత్రం కంపెనీ నాకివ్వాలి. మీరు చెప్పిన ఆ అదనం మాట లేకుండా, జీతం ఎంతో రాసి. అది ఉంటే రేపు వస్తాను. లేకపోతే, ఇంకెక్కడైనా పని కావాలంటే అడగమని పాలాయన వెళ్తూ తన ఫోన్ నంబరు ఇచ్చారు.”

మేనేజరు చాలాసేపు నా వంక చూశాడు. తొమ్మిదేళ్ళలో అంతసేపు చూడటం అదే మొదటిసారి. తర్వాత పెద్దాయనకి ఫోను చేసి, గొంతు తగ్గించి ఏదో మాట్లాడి, పెట్టేశాడు. లేచి బయటికొచ్చి, నా కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క వేలితో మొదటి అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టాడు.

“ఇలాగైతే రాత్రవుతుందేమోనమ్మా” అన్నాడు.

ఆయన గదిలోంచి ఒక కుర్చీ తెచ్చుకుని, ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

“పర్లేదు సార్. నేను చదువుకుంటూ కూర్చుంటాను” అన్నాను. “తప్పులు లేకుండా కొట్టండి.”